రోడ్డవతలి చిన్న పళ్ళేలు

మా బావమరిది గల్ఫ్ నుంచి తిరిగొచ్చి నా కిరాణా దుకాణానికి ఎదురుగా హోటల్ పెట్టినప్పుడు, అది ఆరు నెలలు కూడా నడవదని జమ్మికుంట అంతా చెప్పి తిరిగింది నేనే. అంతకు ముందు ఆ ఖాళీ జాగా అతనికి ఇప్పించిందీ నేనే. జాగా గలాయనతో మూడు రోజులు బేరమాడి, ఆయన విసిగి దండం పెట్టేదాకా కిరాయి తగ్గించాను. నా కడుపుమంటకు కట్టెలు నేనే పేర్చుకున్నానని అప్పుడు తెలియలేదు.

ఎనభైలు ముగుస్తున్న రోజులవి. మా బావమరిది అక్కడ ఒక లెబనాన్ ఆయన హోటల్లో ఏడేళ్ళు వండాడు. ఇక్కడికొచ్చి అదే తిండి మొదలుపెట్టాడు. లోపల వంటగది తప్ప ఏమీ లేదు. సాయంత్రం కాగానే బయట మట్టి మీద నీళ్ళు చల్లి, టెంట్ హౌస్ నుంచి తెచ్చిన ఇనుప కుర్చీలు వేసేవాడు. ఒక్కో బల్ల మీద ఆరేడు చిన్న చిన్న పింగాణీ పళ్ళేలు. ఒకదాంట్లో నువ్వుల ముద్దతో కలిపి రుబ్బిన శనగలు, ఒకదాంట్లో నిప్పుల మీద కాల్చిన వంకాయ, ఇంకోదాంట్లో గుడ్డలో వేలాడదీసి నీళ్ళు తీసేసిన పెరుగు. నలుగురు చుట్టూ కూర్చొని రొట్టె తుంచుకొని అన్నింట్లో అద్దుకుంటూ, గంటల తరబడి ముచ్చట్లు పెట్టేవారు.

జనం పోతే పోనీ అనుకునేవాణ్ణి. నా చిన్ననాటి దోస్తు పోవడమే నాకు మింగుడు పడలేదు. వాడు పత్తి దలాలీ చేసేవాడు. మార్కెట్ యార్డు మూసెయ్యగానే నేరుగా నా దుకాణానికొచ్చి గల్లా పక్కన కూర్చొని, డబ్బాలోంచి పుట్నాలు బుక్కుతూ నేను తాళం వేసేదాకా ఉండేవాడు. దాదాపు ఇరవై ఏళ్ళు అదే రివాజు. ఆ హోటల్ తెరిచిన వారానికే, నా ముందు నుంచి పోతూ చెయ్యెత్తి పలకరించి, రోడ్డు దాటడం మొదలుపెట్టాడు.

ఆ చెయ్యెత్తడం చూస్తే నా ఒళ్ళు మండిపోయేది. తూకం వేస్తున్నా కళ్ళు అటే, వాడి మీదే ఉండేవి; అక్కడ ఎవరేం తింటున్నారో నాకు పట్టేది కాదు. "సేటూ, నేనడిగింది శనగపప్పు, నువ్వు కట్టింది పెసరపప్పు" అని ఒకామె పొట్లం తిరిగిచ్చింది.

ఇంట్లో మా ఆవిడకు అంతా అర్థమైంది. "ఒక్కసారి పోయి తినరాదు? మా తమ్ముడు ఇసమేమన్న పెడుతుండా?" అంది.

"నాకు ఇంట్ల కూడు లేదా?"

"ఎందుకు లేదు? కూడుంది, కుళ్ళు కూడా ఉంది."

మరుసటి సాయంత్రమే పోయాను. తినడానికి కాదు, వంకలు పట్టడానికి. నా దోస్తు ఇద్దరు పత్తి వ్యాపారులతో కూర్చొని ఉన్నాడు. నన్ను చూడగానే పక్కకు జరిగాడు. మా బావమరిది పరుగెత్తుకొచ్చి, "ఏం బావా, తొవ్వ తప్పినవా? ఎన్నడు రానోనివి!" అంటూ నా ముందు ఏడు పళ్ళేలు పేర్చాడు.

అక్కడే నా పుట్టుక నన్ను ముంచింది. దుకాణదార్ల ఇళ్ళల్లో పెరిగినవాడికి కొంచెమంటే నమూనా అని లెక్క. బేలులోంచి పీకిన గుప్పెడు పత్తి నమూనా, అరచేతిలో పోసిన కందులు నమూనా, గీకిచ్చిన బెల్లం పెచ్చు నమూనా. దాన్ని చూసి మొహం చిట్లించాలి, లోపం చెప్పాలి, ఆ తర్వాతే సరుకు అడగాలి. "నచ్చినట్టు మొఖం పెట్టినవా, ధర పెరిగినట్టే" అని మా బాపు నాకు లెక్కల కంటే ముందు నేర్పాడు.

నేను వేలికొసతో చిటికెడు తీసుకున్నాను. "శనగలు పాతయి" అన్నాను. పెరుగు పళ్ళెం జరిపి, "పులుపెక్కింది" అన్నాను. వంకాయ నాలుక మీద పెట్టగానే పొగవాసనతో వెన్నలా కరిగిపోయింది. ఇంకొంచెం ఇంకొంచెమని నోరు కొట్టుకుంది. అంత బాగున్నందుకు ఇంకా మండి, "మాడింది" అన్నాను.

మా బావమరిది మొహం చిన్నబోయింది. పళ్ళేలన్నీ ఎత్తి పక్క బల్ల మీద పెట్టాడు. ఆ బల్ల వాళ్ళు ఎగబడి తిన్నారు. నా వంకాయ మూడు తుంపుల్లో అయిపోయింది.

నేను చేతులు తుడుచుకొని సర్దుకు కూర్చున్నాను. "సరే, ఇగ అసలు సరుకు తే. అన్ని కలిపి తీసుకుంటె ఎట్లిస్తవ్?"

"అసలు సరుకేంది బావా?"

"మరి గివి నమూనాలు కద!"

బల్లలన్నీ గొల్లున నవ్వాయి. నా దోస్తయితే కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. నా దుకాణంలో ఇరవై ఏళ్ళల్లో వాడు అంతగా నవ్వింది లేదు. నవ్వించింది నేనే, పేరు మాత్రం హోటల్‌కు పోయింది. దానికీ కుళ్ళుకున్నాను.

ఆకలితోనే లేచాను. వాడు నా వెంట రోడ్డు దాకా వచ్చాడు.

"రోజు గీడనే కూసుంటున్నవ్. నా దుకాణంల ఏం తక్కువైందిరా?" అన్నాను.

"తక్కువేం లేదు. నీ దగ్గర నేను ముచ్చట మొదలువెట్టంగనే గిరాకి వస్తది. నువ్వు లేచి పావుకిలో చక్కెర తూకమేస్తవ్. మళ్ళ వచ్చి ఏమన్నవురా అంటవ్. ఇరవై ఏండ్లల్ల ఒక్క ముచ్చటన్న నువ్వు ఆఖరు దాక ఇన్నవా? గీడోళ్ళు చెప్పింది మొత్తం ఇంటరు."

నచ్చిన సరుకును నచ్చిందని నేను జీవితంలో ఎన్నడూ అనలేదు. అయినా ఆ రోడ్డు మధ్యలో నోరు జారింది. "నువ్వు రాకుంటె నాకు పొద్దు పోతలేదురా."

వాడు నన్ను ఎగాదిగా చూశాడు. దలాలీ చేసేవాడు కదా, నేనెంత ఇరుకున పడ్డానో వెంటనే పసిగట్టాడు.

"వారానికి అయిదు దినాలు నా దగ్గర కూసో" అన్నాను.

"రెండు."

"నాలుగు. పుట్నాల మీద ఎండుకొబ్బరి కూడ పెడుత."

"మూడు. నేను మాట్లాడంగ త్రాసు ముట్టద్దు."

ఒప్పుకున్నాను. నా జీవితంలో ఇంత నష్టపు బేరం ఇంకోటి చెయ్యలేదు. వాడొచ్చే మూడు రోజులు గిరాకీ గడపలో నిలబడి గొణుక్కునేది. మిగతా నాలుగు సాయంత్రాలు నేను ఎదురుగా చూస్తూ కూర్చునేవాణ్ణి. మా బావమరిది కుర్చీ లాక్కొని, గడ్డం కింద చెయ్యి పెట్టుకొని, వాడు చెప్పేది చివరిదాకా వినడం కనిపించేది.

ఒక గురువారం వాడొచ్చి, పుట్నాలు నోట్లో వేసుకొని, వరంగల్ మిల్లు యజమాని ఒకడు తనను మోసం చెయ్యబోయి తానే మోసపోయిన సంగతి ఎత్తుకున్నాడు. మంచి ముచ్చటే. నాలుగు మాటలు కాగానే ఆపాను.

"నిన్న ఆడ చెప్పినవా ఇది?"

"చెప్పిన. మస్తు నవ్విండ్రు."

"అయితె నాకద్దు. వాళ్ళకు చెప్పంది చెప్పు."

వాడు నోట్లో పుట్నాలు నమలడం ఆపి ఆలోచనలో పడ్డాడు. బయట ఇద్దరు గిరాకులు ఉప్పుకోసం నిలబడ్డారు. నేను లేవలేదు.