మాగ్నమ్ రోకలి

బంగారం దాచుకుని దొరికిపోయినవాళ్ళను దుబాయ్‌లో చూశాను. సెల్‌ఫోన్లు దాచుకుని దొరికిపోయినవాళ్ళనూ చూశాను. ఆరంగుళాల ఇనుప ముక్క కోసం ఉద్యోగం, వీసా, కంటి నిద్ర మూడూ పోగొట్టుకునేదాకా వెళ్ళినవాణ్ణి మాత్రం అద్దంలోనే చూశాను. ముందే చెబుతున్నాను, ఈ కథలో నాకు గౌరవం దక్కే చోటు ఒక్కటి కూడా లేదు. అలాంటి చోటు కోసం ఆశపడి చదివేవాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు.

నేను పని నేర్చుకున్నది జగిత్యాల దగ్గర ఒక లేత్ షాపులో. ట్రాక్టర్ పిన్నులు, మోటారు షాఫ్టులు, బోరు పంపు పైపులు, ఇవే మా పని. అక్కడ ఎవరూ రాయని చట్టం ఒకటి ఉండేది. కోసిన ముక్క కోసినవాడిది. ఖాతాదారుడు తన షాఫ్టు తను తీసుకుపోతాడు, మిగిలిన తుండు మిస్త్రీ సంచిలోకి పోతుంది. మా ఇంటి తలుపు గడియ ఎవరిదో ట్రాక్టర్ పిన్ను. మా అమ్మ పొయ్యి ఊదే గొట్టం ఎవరిదో పంపు పైపు. దీన్ని దొంగతనం అని ఎవరైనా అంటే మా ఇల్లంతా దొంగ సొత్తే.

ఆ చట్టాన్ని పాస్‌పోర్టుతో పాటు దుబాయ్‌కి తెచ్చుకున్నాను.

వచ్చాక నాలుగేళ్ళు లేత్ మొహం చూడలేదు. బిల్డింగ్ సైట్లలో హెల్పర్‌గా సిమెంటు మోశాను. కరోనా పోయిన తర్వాత, రెండువేల ఇరవై రెండులో, అల్ కుసైస్‌లోని ఒక తుపాకుల రిపేరు షాపులో లేత్ మీదికి మనిషి కావాలంటే వెళ్ళి పరీక్ష ఇచ్చాను. చేతికి మళ్ళీ లేత్ తగలగానే ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, ఇది అతిశయోక్తి కాదు. లైసెన్సున్న షాపు, ఏసీ గది, తెల్లటి గోడలు. మొదటిరోజు ఇరవై నియమాలున్న కాగితం చేతిలో పెట్టి సంతకం చేయమన్నారు. కొరియర్‌వాడు ఇచ్చిన కాగితం మీద చేసినట్టు చేసేశాను. అందులో పదకొండో నియమం ఒకటి ఉందని నాకు తర్వాత తెలిసింది. చాలా బాగా తెలిసింది.

మా షాపు పెద్ద మిస్త్రీ కరీం ఉస్తాద్. హైదరాబాద్ పాతబస్తీ మనిషి. ముప్పై ఏళ్ళుగా ఇక్కడే ఉంటూ ఒక్క గీత తప్పు కోయలేదని పేరు. ఒక గురువారం ఆయన ఒక పొడుగాటి వేట రైఫిల్ తెచ్చి నా ముందు పెట్టాడు. మాగ్నమ్ రైఫిల్. పెద్ద తూటా, పెద్ద మోత.

"అర్బాబ్‌ది," అన్నాడు ఉస్తాద్. ఇక్కడి పెద్దమనుషులను మేం అలాగే అంటాం. "ఆఫ్రికాల వేటకు పోతడు. ఆడ వేట క్యాంపోళ్ళు దీనికి సైలెన్సర్ బిగిస్తరు. అది బిగిస్తే ఇంకింత పొడుగైతది. జీపుల కెళ్ళి దిగేటప్పుడు తలుపుకు తాకుతున్నదట. ఆరంగుళాలు తగ్గించి, మూతికి మర వెయ్యాలె. కాగితాలన్నీ ఉన్నయ్."

కోశాను. ఎంత చక్కగా కోశానంటే, ఉస్తాద్ కొలిచి చూసి, మళ్ళీ కొలిచి, "శభాష్ మల్లేశ్," అని లోపలికి వెళ్ళిపోయాడు. ముక్క గురించి ఒక్క మాటా అనలేదు. కాగితంలో ఉంది కదా, మళ్ళీ నోటితో ఎందుకనుకున్నాడు పాపం. ముక్క నా చేతిలో ఉంది. చల్లగా, బరువుగా, నున్నగా ఉంది. అలాంటి ఉక్కు జగిత్యాలలో పుట్టదు. నా చెయ్యి నన్ను అడగకుండానే దాన్ని టిఫిన్ డబ్బాలో పెట్టింది. గేటు దగ్గర వాచ్‌మన్ డబ్బా ఊపి చూశాడు, గలగలమంది. చెంచా అనుకున్నాడు.

అది ఎందుకు కావాల్సి వచ్చిందో కూడా చెప్పాలి. మా రూములో ఎనిమిది మందికి వండేది లింబాద్రి అన్న. ఆర్మూర్ వైపు మనిషి, గోదాములో లోడింగ్ పని. ఆయన చేతి వెల్లుల్లి కారం తింటే ఊరు మరిచిపోవచ్చు. అయితే రూములో మిక్సీ వేస్తే కరెంటు పోతుంది. రోలు సంపాదించాడు గానీ రోకలి లేదు. స్టీలు గ్లాసు అడుగుతో దంచి దంచి, ఆ వారమే చేతులెత్తేశాడు. "రోకలి తెచ్చేదాక కారం లేదు," అని ప్రకటించాడు. ఎనిమిది మంది మొహాలు వాడిపోయాయి.

నేను డబ్బాలోంచి ముక్క తీసి ఇచ్చాను. ఆయన అరచేతిలో తూచి చూశాడు.

"ఏడిది తమ్మీ?"

"షాపుల మిగిలిన ముక్క అన్నా."

"పైపా?"

"పైపు అసొంటిదే."

ఒక్క చిక్కు వచ్చింది. తుపాకి గొట్టం కాబట్టి మధ్యలో బెజ్జం ఉంటుంది, బెజ్జంలో మెలికలు తిరిగిన గీతలుంటాయి. దంచినకొద్దీ వెల్లుల్లి ఆ బెజ్జంలోకి ఎక్కి, పైనుంచి మెలిక తిరిగి మురుకులాగా బయటికి వచ్చేది. లింబాద్రి అన్న దానికి మురిసిపోయాడు. "ఇసొంటి రోకలి ఆర్మూర్ల గూడ లేదు," అన్నాడు. శుక్రవారం, శనివారం నేను ఆ కారంతో కడుపునిండా తిని, నా పనితనాన్ని నేనే మెచ్చుకుంటూ పడుకున్నాను. అవి నా జీవితంలో చివరి ప్రశాంతమైన రెండు రోజులు.

ఆదివారం సెలవు. పదకొండు గంటలకు ఉస్తాద్ ఫోన్ చేశాడు.

"మల్లేశ్, ఆ ముక్క ఏ డ్రాయర్ల పెట్టినవ్ రా?"

"ఏ ముక్క ఉస్తాద్?"

"ఏ ముక్క ఏంది. అర్బాబ్ రైఫిల్ ముక్క. సాయంత్రం ఆయన ఫ్లైట్ ఉన్నదని షాపు తెరిచినం. రెండింటికి లైసెన్సు ఆఫీసరు వస్తడు. రైఫిల్ కొలుస్తడు, ముక్క కొలుస్తడు. రెండు కలిపి పాత పొడుగుకు సరిపోతేనే ముద్ర వేస్తడు. నియమం నంబర్ పదకొండు. చదవలేదా?"

"ముక్క లేకపోతే ఏమైతది ఉస్తాద్?"

"తుపాకి ముక్క షాపు దాటితే షాపు లైసెన్సు ఖలాస్. నేను ఖలాస్. నువ్వు ఏమైతవో నాకు తెల్వది, నన్ను అడగకు. ముక్క ఏడున్నది?"

"భద్రంగనే ఉన్నది. నేనే తెస్త."

పొయ్యి దగ్గరికి పరుగెత్తాను. రోలు లేదు, రోకలి లేదు, లింబాద్రి అన్న లేడు. పక్క మంచం మీదివాడు కళ్ళు తెరవకుండానే చెప్పాడు. అల్ వర్సాన్ క్యాంపులో ఆర్మూర్‌వాళ్ళ దావత్ ఉందట, అరవై మందికి వంటట, అన్న పొద్దున్నే సామాను కట్టుకుని పోయాడట. ఫోన్ చేశాను. మోగింది, మోగింది, ఆగిపోయింది. మసాలా చేతులతో ఎవరు మాత్రం ఫోన్ ఎత్తుతారు.

టాక్సీ ఎక్కాను. దారి పొడుగునా ఒకటే లెక్క. నాలుగేళ్ళు సిమెంటు మోస్తే దొరికిన లేత్. నాలుగు నెలలు కూడా నిలుపుకోలేకపోయాను. ఇంటికి పంపిస్తే ఊళ్ళో ఏమని చెప్పుకోవాలి? వెల్లుల్లి కోసం తిరిగొచ్చానని చెప్పుకోవాలా? నాలాంటి మూర్ఖుణ్ణి విమానంలో కూర్చోబెట్టి తెచ్చినందుకు ఆ విమానం మీద కూడా కోపం వచ్చింది.

అల్ వర్సాన్‌లో గోదాముల వెనక నీడలో లింబాద్రి అన్న కాళ్ళు చాపుకుని కూర్చుని దంచుతున్నాడు. పక్కన వెల్లుల్లి కుప్ప.

"అన్నా, ఆ రోకలి ఇయ్యి."

"ఇస్త. ఇంక కిలో ఉన్నది."

"ఇప్పుడే కావాలె. నా నౌకరి పోతది."

"రోకలికి నౌకరి పోవుడేంది? అరవై మంది తినాలె ఈడ."

ఇక దాచి లాభం లేదు. వంగి ఆయన చెవిలో చెప్పాను. "అన్నా, అది తుపాకి గొట్టం."

ఆయన చెయ్యి గాల్లో ఆగింది. రోకలిని కళ్ళ ముందుకు తెచ్చుకుని, తిప్పి చూశాడు. బెజ్జం వైపు నుంచి మొహం పక్కకు జరుపుకున్నాడు.

"పేలుతదా?"

"పేలదు."

"మరి తొందరేంది," అని మళ్ళీ దంచడం మొదలుపెట్టాడు.

బతిమాలాను. కాళ్ళు పట్టుకోవడం ఒక్కటే తక్కువ. చివరికి ఆయన రోలు నా ముందుకు జరిపాడు. "నీకే తొందరున్నది గద, నువ్వే దంచు. అయిపోంగనే తీస్కపో." దంచాను. నా భవిష్యత్తును నా చేతులతోనే, అదే ముక్కతో, కిలో వెల్లుల్లిలో దంచాను. కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే దావత్‌కు వచ్చినవాళ్ళు ఘాటుకేమో అనుకున్నారు. సగం ఘాటుకే. మిగతా సగం నిజంగానే ఏడ్చాను.

తిరుగు ప్రయాణంలో టాక్సీ డ్రైవరు అద్దాలు నాలుగూ దించేశాడు. ఎండాకాలం మధ్యాహ్నం దుబాయ్‌లో ఏసీ ఆపి అద్దాలు దించాడంటే నేనెలా కంపు కొట్టానో మీరే ఊహించుకోండి.

షాపు బాత్రూంలో ముక్కను సబ్బుతో కడిగాను, నిమ్మకాయతో రుద్దాను, డీజిల్‌లో ముంచాను. బెజ్జంలోకి బ్రష్ పెట్టి తోమాను. చివరికి అది సబ్బు, నిమ్మకాయ, డీజిల్ కలిపిన వెల్లుల్లి కంపు కొట్టింది. రెండింటికి ఐదు నిమిషాలుందనగా ఉస్తాద్ చేతిలో పెట్టాను.

ఆయన ముక్కు ఎగబీల్చాడు. "ఇదేం వాసన రా?"

చెప్పాను. మొత్తం చెప్పాను. ఉస్తాద్ పక్కనున్న స్టూలు మీద మెల్లగా కూర్చున్నాడు.

"ముప్పై ఏండ్లు," అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆఫీసరు వచ్చాడు. కుర్రవాడే, మర్యాదస్తుడు. తెల్లటి కందూరా వేసుకున్న ముసలి అర్బాబ్ కుర్చీలో కూర్చుని టీ తాగుతున్నాడు. ఆఫీసరు రైఫిల్ కొలిచాడు. ముక్క కొలిచాడు. రెండూ కలిపి చూశాడు. సరిపోయింది. నాకు ప్రాణం లేచివచ్చింది. ఆయన సీలు చేతిలోకి తీసుకున్నాడు కూడా. అంతలో ఏమనిపించిందో, ముక్కను కిటికీ వెలుగుకు ఎత్తి, ఒక కన్ను మూసి, రెండో కన్ను బెజ్జానికి ఆనించాడు.

వెంటనే వెనక్కి తగ్గాడు. ఆ కన్ను ఎర్రబడి నీళ్ళు కారసాగాయి.

"యే క్యా హై?" అన్నాడు రుమాలు వెతుక్కుంటూ.

అర్బాబ్ టీ గ్లాసు కింద పెట్టి, ముక్క అందుకుని, నింపాదిగా వాసన చూశాడు.

"తూమ్," అన్నాడు. అరబ్బీలో వెల్లుల్లికి ఆ పేరే.

ఆఫీసరు ఒంటికంటితో మా అందరినీ చూశాడు. ఉస్తాద్ నావైపు చూడలేదు, అది ఆయన పెద్దరికం. నేనే ఒక అడుగు ముందుకు వేశాను. "సాబ్, మైనే కియా. రూమ్ మే లహసన్ కూటా." రూములో దాంతో వెల్లుల్లి దంచింది నేనేనని ఒప్పుకున్నాను. విమానం టికెట్టు కళ్ళకు కనిపించింది, ఊరు కనిపించింది, మళ్ళీ సిమెంటు బస్తా కనిపించింది.

ఆయన చాలాసేపు కన్ను తుడుచుకున్నాడు. ముక్క తిరిగొచ్చింది, కొలత సరిపోయింది, తప్పు చేసినవాడే ఒప్పుకున్నాడు కాబట్టి ఈసారికి షాపుకు రాతపూర్వక హెచ్చరిక అన్నాడు. తర్వాత రిజిస్టరు తెరిచాడు. ముక్క నంబరు, పొడుగు, కోసినవాడి పేరు. చివరి గడిలో ముక్క ఏ స్థితిలో ఉందో రాయాలి. అక్కడ పెన్ను ఆగింది. అర్బాబ్ వైపు చూశాడు.

"ఎలా ఉంటే అలా రాయాలి కదా," అన్నట్టు అర్బాబ్ రెండు చేతులూ చాపాడు.

ఆఫీసరు రాశాడు. నా పేరుకు ఎదురుగా, అరబ్బీలో, ఒకే ఒక్క మాట. కింద నాతో సంతకం పెట్టించాడు. ఈసారి ఉస్తాద్ చేత చదివించుకుని మరీ పెట్టాను.

అర్బాబ్ రైఫిల్‌తో ఫ్లైట్ ఎక్కాడు. నా ఉద్యోగం ఉంది గానీ లేత్ లేదు. ఏడాది పాటు కోసిన ముక్కలన్నిటికీ చీటీలు కట్టి, ఇనుప డ్రాయర్‌లో పెట్టి తాళం వేసే పని ఇచ్చారు. కోసిన ముక్క కోసినవాడిది అనే చట్టం తెచ్చుకున్నవాణ్ణే దుబాయ్‌లో ఆ ముక్కలకు కాపలా పెట్టారన్నమాట. లింబాద్రి అన్న మాత్రం ఇప్పటికీ కొత్త రాతి రోకలితో దంచుతూ, "దాని లెక్క రాదు," అని నిట్టూరుస్తాడు.

కాబట్టి పెద్దలందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఏ షాపులోనైనా, ఏ దేశంలోనైనా, మర మేకంత ముక్క కూడా నా సంచిలోకి రాదు. సాయంత్రం గేటు దాటేముందు చెప్పులు దులిపి, అంటుకున్న ఇనుప రజను కూడా అక్కడే వదిలి వెళ్తాను.

ఏటా ఒకసారి తనిఖీ ఉంటుంది. ప్రతిసారీ కొత్త ఆఫీసరే వస్తాడు. రిజిస్టరు పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒక చోట ఆగి, ఆ మాట రెండుసార్లు చదివి, తలెత్తి చుట్టూ చూస్తాడు. కరీం ఉస్తాద్ తన పని ఆపకుండానే పెన్నుతో నావైపు చూపిస్తాడు. నేను లేచి నిలబడి చెయ్యి ఎత్తుతాను.