డెబ్బై ఎనిమిది నెలల మిత్తి

బ్యాంకులో పాస్‌బుక్ ముద్రించే యంత్రం కర్రుమన్నప్పుడల్లా నాకు సుశీలక్క గుర్తొస్తుంది. నిన్నా అంతే. కౌంటర్‌లోని అమ్మాయి తల ఎత్తకుండానే, "కాకా, అన్నీ మొబైల్లోనే కనబడతాయి కదా, ఇంత దూరం ఎందుకొస్తారు?" అని మరాఠీలో అడిగింది. ఆ మాట మరిచిపోను. నిన్నంతా నాతో మాట్లాడిన మనిషి ఆమె ఒక్కతే, ఆమె అన్న మాటా అదొక్కటే.

నాందేడ్‌లో, నడుమ నల్లా, చుట్టూ గదులు ఉన్న ఒక పాత వాడాలో అక్క పై గదిలో ఉండేది. పుట్టింది ధర్మాబాద్‌లో. మరాఠీ బడిలో లెక్కలు చెప్పి రిటైరయింది. పెళ్లి చేసుకోలేదు. కింది గదిలో నేను, పప్పు మిల్లులో గుమాస్తాని. నాకూ ఎవరూ లేరు. ఆ వాడాలో తెలుగు మాట్లాడేది మేమిద్దరమే.

ఒక ఏడాది నేను ఒక పొదుపు సంఘంలో ప్రతి ఒకటో తారీఖున వెయ్యి రూపాయలు కట్టాను. వడ్డీ నూటికి నెలకు రూపాయి, మూడు నెలలకోసారి ఆ మిత్తిని అసలులో కలుపుతామని పుస్తకంలో రాసి ఉంది. ఏడాది నిండాక మిత్తి కింద ఏడు వందల ఎనభై ఇచ్చారు. పన్నెండు వేలకు, పన్నెండు నెలలకు పద్నాలుగు వందల నలభై రావాలని నా లెక్క. కౌంటర్ ముందు నిలబడి అరిచాను. వెనక వరుసలో ఉన్న సుశీలక్క అందరూ వినేట్టు అంది:

"తమ్మీ, లెక్క నీదే తప్పు. మొన్న కట్టిన వెయ్యి ఏడాది సంది ఈడ్నే కూసున్నదా?"

తెలుగు తెలిసినవాళ్లూ తెలియనివాళ్లూ, వరుసంతా నవ్వింది. మూడు నెలలు నేను ఆమెతో మాట్లాడలేదు. నల్లా దగ్గరికి ఆమె వస్తే, బిందె సగమే నిండినా ఎత్తుకుని లోపలికి పోయేవాణ్ని. "తిన్నవా తమ్మీ" అని వెనక నుంచి అడిగేది.

ఒక ఆదివారం ఆమే నా తలుపు కొట్టింది. చేతిలో పాత క్యాలెండర్ కాగితం. దాని వెనక పన్నెండు నుంచి ఒకటి దాకా అంకెలు నిలువుగా రాసి ఉన్నాయి.

"కోపం పక్కకు పెట్టి ఇటు సూడు. మొదటి వెయ్యి పన్నెండు నెలలున్నది. రెండోది పదకొండు. ఆఖరుది ఒక్క నెల. అన్ని కూడితే?"

"డెబ్బై ఎనిమిది."

"వెయ్యికి నెలకు పది. ఏడు వందల ఎనభై. వాళ్లిచ్చింది గదే. కానీ మూడు నెలలకోపారి కలుపుతమన్న మిత్తి కలపలే. కలిపితే ఎనిమిది వందల రెండు. ఇరవై రెండు రూపాలు నీకు బాకీ ఉన్నరు."

"గీ మాట ముందే ఎందుకు చెప్పలే?"

"చెప్పనిస్తివా? మాట్లాడితే బిందె ఎత్తుకొని ఉరుకుతివి." నవ్వి, కాగితం మీద వేలు పెట్టింది. "మిత్తి అంటే ఏందనుకున్నవ్? మరాఠీల మితి అంటే తారీఖు. ఏ పైసకు ఆ పైస తారీఖే. తప్పిన నెల పైస తర్వాత కట్టినా, దాని తారీఖు ఎనకకు పోదు."

మర్నాడు ఇద్దరం వెళ్లాం. ఇరవై రెండు రూపాయల కోసం ఆటోలో వచ్చారా అని మేనేజర్ నవ్వాడు. "ఆటో మా ఖర్చు, పుస్తకంలో రాసింది మీ మాట" అని అక్క మరాఠీలోనే జవాబిచ్చింది. డబ్బు ఇచ్చారు. దానితో చాయ్ తాగుదామంటే నేను ఒప్పుకోలేదు. "మొండోడా" అని తన డబ్బుతోనే తాగించింది. ఆ తర్వాత ఏళ్ల తరబడి, ఒకటో తారీఖు వస్తే నేను పుస్తకం పట్టుకుని పైకి వెళ్లేవాణ్ని. నేను లెక్క చేస్తుంటే ఆమె తప్పులు పట్టేది.

నిజామాబాద్‌లోని చెల్లెలి దగ్గరికి అక్క వెళ్లిపోతోందని నాకు పాలవాడు చెప్పాడు. నాకంటే ముందు పాలవాడికి చెప్పింది! బయలుదేరే పొద్దున తలుపు కొట్టింది. "తమ్మీ, రైలు టైమయితున్నది. లోపలున్నవని ఎరికే." నేను లేవలేదు. మెట్ల మీద పెట్టె దింపుతున్న చప్పుడు చివరిదాకా విన్నాను. ఏడాది తర్వాత ఆమె పోయిందన్న కబురూ పాలవాడే తెచ్చాడు.

నాకే ముందు చెప్పాల్సింది. ఇప్పటికీ అదే అంటాను. తలుపు మాత్రం తీయాల్సింది.

ఎవరి కోసమో తెలియకపోయినా నెలనెలా, ఇప్పుడు బ్యాంకులో, కడుతూనే ఉన్నాను. ఏడాది నిండిన రోజున పాస్‌బుక్ ముద్రించుకుని వచ్చి, క్యాలెండర్ కాగితం వెనక పన్నెండు నుంచి ఒకటి దాకా నిలువుగా రాస్తాను. నిన్నా రాశాను. కూడిక అయ్యాక తలుపు వైపు తిరిగి, "డెబ్బై ఎనిమిది" అని పైకే అన్నాను.