కంటికొలతమ్మ చేతి వణుకు

ఆమె టేపు పట్టేది కాదు. కోటు కుట్టించుకోవడానికి వచ్చిన మనిషి గుమ్మం దాటి కుర్చీలో కూర్చునేలోపే భుజం ఎంత, చెయ్యి ఎంత, నడుము ఎంత అన్నది మనసులో వేసేసుకునేది. కొత్తవాళ్ళు నమ్మేవాళ్ళు కాదు. "కొలతలు తీసుకోరా అండీ?" అని అడిగితే, "తీసుకున్నాగా, మీరు గొడుగు మడిచేటప్పుడే," అనేది. కుట్టాక తేడా వచ్చిందని తెచ్చిన కోటు నేను చూడలేదు. అందుకే వీధి వీధంతా ఆమెను కంటికొలతమ్మ అనేది.

నేను ఆమె దగ్గర కాజాలు కుడతాను, గుండీలు వేస్తాను. పద్నాలుగేళ్ళయింది. మా కొట్టు ఒకటే గది. కిటికీ పక్కన కత్తిరింపు బల్ల, గోడవారగా రెండు మిషన్లు, మూల ఇస్త్రీ పెట్టె. బల్లమీద టీ గ్లాసు పెట్టామా, మా పని అయిపోయినట్టే. పెద్ద కత్తెర ఆమె తప్ప ఎవరూ ముట్టుకోకూడదు. మిగతా విషయాల్లో వెన్నలాంటి మనిషి.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. ఇంకో ఏడాదిలో రిటైరవుతాడనగా మెదడులో నరం చిట్లి మూడు రోజుల్లో పోయాడు. పది రోజులు తిరక్కుండానే ఆమె కొట్టు తెరిచింది. కంట తడి నేను చూడలేదు. చూడలేదంటే లేదని కాదు. మాట తగ్గింది, తిండి తగ్గింది, తన జాకెట్టు తనకే వదులైతే రెండుసార్లు పక్క కుట్లు లోపలికి వేసుకుంది. పనిలో మాత్రం నూలుపోగంత తేడా రాలేదు. "గట్టి మనిషి" అని వీధి మెచ్చుకుంది. నేనూ మెచ్చుకున్నాను.

నాలుగు నెలలకు ఆమె ఎవరికీ చెప్పకుండా మానసిక వైద్యుడి దగ్గరకు వెళ్ళింది. దిగులు తగ్గడానికి ఆయన రోజుకొక మాత్ర రాసిచ్చాడు. ఆ మాత్రల అట్టను లైనింగు గుడ్డల బీరువాలో అడుగున పెట్టుకుని, పొద్దున కొట్టుకు రాగానే, నేను నీళ్ళ కోసం వెళ్ళినప్పుడు వేసుకునేది. ఇదంతా నాకు చాలా తర్వాత తెలిసింది. ఎందుకు దాచావమ్మా అని అడిగితే ఒక్కటే మాట అంది: "పిచ్చి డాక్టరు దగ్గరికి పోయిందంటే నా చేతికి గుడ్డ ఎవరిస్తారు?"

ఇక భర్త అక్కగారి సంగతి చెప్పాలి. కంటికొలతమ్మకు వదిన. స్కూల్లో ముప్ఫై ఏళ్ళు డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన మనిషి, పెళ్ళి చేసుకోలేదు. తమ్ముడు పోయిన వారానికే, "ఒక్కదానివీ ఉండొద్దు" అని ఒక పెట్టె పట్టుకుని ఆ ఇంటికి వచ్చేసింది. గొంతే ఒక ఈల. పొద్దున్నే లేపి ఊపిరి పీల్చు, వదులు అని లెక్కపెట్టేది. "ఆడబిడ్డ అర్ధమొగుడంటారు. మా ఇంట్లో సగం కాదు, ఏకంగా హెడ్‌మాస్టరే," అని కంటికొలతమ్మ నాతో అన్నది. భర్త పోయాక ఆమె నోట నేను విన్న మొదటి హాస్యం అదే.

ఒకరోజు మధ్యాహ్నం వదినగారు కొట్టుకు వచ్చి బల్లమీద ఒక తెల్ల డబ్బా పెట్టింది. అక్కడ టీ గ్లాసు పెట్టినా ఊరుకోని కంటికొలతమ్మ, వదినను మాత్రం ఏమీ అనలేదు.

"నీ కళ్ళ కింద నలుపు నేను చూడట్లేదనుకున్నావా? ఇవి పడుకునే ముందు రెండు వేసుకో," అంది వదిన.

"నిద్రమాత్రలా వదినా? అలవాటు పడిపోతామంటారు."

"మాత్రా కాదు, మందూ కాదు. ట్రిప్టోఫాన్ అని, అమైనో ఆమ్లం. పాలల్లో, గుడ్లల్లో, పప్పుల్లో ఉండేదే. ఒంటికి కావలసిన సరుకే. నేను వేసుకుంటున్నాగా, నాకేమైంది? చూడు, గుండ్రాయిలా ఉన్నా."

కంటికొలతమ్మ డబ్బా తీసుకుని అటూ ఇటూ తిప్పింది. ఏదో అనబోయి నా వైపు చూసింది. తర్వాత డబ్బా సంచిలో వేసుకుంది. ఆ క్షణం గురించి తర్వాత ఆమె నాతో అన్నది: "నేను వేరే మాత్రలు వాడుతున్నా వదినా అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పక్కన నువ్వున్నావు. నీ నోట్లో నువ్వుగింజ నానదు కదా." నిజమే, నానదు. ఆ నిజం ఇప్పటికీ నన్ను గుచ్చుతూనే ఉంటుంది.

మొదటి పది రోజులూ ఆమెకు నిద్ర పట్టింది. వదిన మురిసిపోయింది. ఆ తర్వాత చల్లటి పూట కూడా ఆమె మెడ చెమటతో తడిసేది. కడుపు కుదురుగా ఉండేది కాదు. కూర్చున్నచోట కూర్చోలేక లేచి తిరిగేది. వయసు వల్లేమో అనుకుంది. నేనూ అలాగే అనుకున్నాను.

ఆపైన చెయ్యి వణకడం మొదలైంది.

ముందు సుద్దగీతలో కనబడింది. బూడిదరంగు ఉన్ని గుడ్డమీద ఆమె గీసే వంపు ఎప్పుడూ ఒక్క ఊపులో వచ్చేది. ఆరోజు అది చీమ నడిచినట్టు వచ్చింది. తుడిచి మళ్ళీ గీసింది. కత్తెర తీసుకుంది. కోర్టు గుమాస్తాగారి కోటు చెయ్యి అది. సగానికి వచ్చేసరికి కత్తెర గీత దాటి లోపలికి, అరంగుళం పైగా వెళ్ళిపోయింది.

ఆమె ఆ ముక్కను నాలుగు మడతలు పెట్టి పక్కన ఉంచింది. సాయంత్రం గుమాస్తాగారు వస్తే లేచి నిలబడి, "మీ గుడ్డ పాడు చేశానండీ. తప్పు నాదే. అలాంటిదే తెప్పించి కుట్టి ఇస్తాను," అంది. ఆయన నవ్వుతూ, "చంద్రుడికైనా మచ్చ ఉంది కదమ్మా," అని వెళ్ళిపోయాడు. ఆమె నవ్వలేదు.

మర్నాడు పెద్ద కత్తెర తీసి నా ముందు పెట్టింది. "ఇకనుంచి స్కూలు యూనిఫారాలు నువ్వు కత్తిరించు," అంది. పద్నాలుగేళ్ళు నేను ముట్టుకోని కత్తెర. సంతోషించాల్సింది పోయి దాన్ని మళ్ళీ ఆమెవైపే జరిపాను.

"మా నాన్న గడియారాలు బాగుచేసేవాడు, తెలుసుగా," అంది బల్లకేసి చూస్తూ. "యాభై ఐదో ఏట చెయ్యి వణకడం మొదలైంది. చివరికి గరిటె కూడా పట్టుకోలేకపోయాడు. నాకు ఇప్పుడు యాభై ఎనిమిది. మూడేళ్ళు ఎక్కువే ఇచ్చాడు దేవుడు."

"డాక్టరుకు చూపించమ్మా," అన్నాను.

"చూపించి? ఆ జబ్బు పేరు ఆయన నోట వినాలా?"

తన మానసిక వైద్యుడి దగ్గరకు మాత్రం వెళ్ళింది. స్థిమితం లేదని, నిద్ర మళ్ళీ చెడిందని చెప్పింది. చెయ్యి సంగతి చెప్పలేదు. "ఇంకేమైనా మందులు వాడుతున్నారా?" అని ఆయన అడిగాడు. "లేదండీ," అంది. అబద్ధమాడాలని కాదు. పాలల్లో పప్పుల్లో ఉండేదాన్ని ఆమె మందని అనుకోలేదు. దిగులు ఇంకా తగ్గలేదనుకుని ఆయన మాత్ర మోతాదు పెంచాడు. ఆమె కూడా నిద్ర కోసం రెండు గుళికలను నాలుగు చేసుకుంది.

నాలుగో రోజు మధ్యాహ్నం కొట్టులో ఆమె మొహం ఎర్రగా కందిపోయింది. ఒళ్ళు నిప్పులా కాలుతోంది, బట్టలు చెమటతో ముద్దయ్యాయి. కంటిపాపలు పెద్దవై చూపు వింతగా ఉంది. కాళ్ళు వాటంతటవే ఎగిరెగిరి పడుతున్నాయి. "గుండీలు లెక్కపెట్టు, గుండీలు లెక్కపెట్టు," అని నన్ను తొందరపెడుతోంది. ఆమె చూపిస్తున్న చోట గుండీలేమీ లేవు. నేను వదినగారికి ఫోను చేశాను. ఆమె టాక్సీ తీసుకుని వచ్చింది. ఇద్దరం చెరో రెక్కా పట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాం.

అక్కడి డాక్టరమ్మ చిన్న వయసుది. నాడి చూసింది, కళ్ళలో లైటు వేసింది. పాదం పట్టుకుని ఒక్కసారి పైకి నొక్కింది. ఆ పాదం మిషను పెడలు తొక్కుతున్నట్టు తనంతట తనే టకటకా కొట్టుకుంది. డాక్టరమ్మ మొహం మారింది.

"ఈమె ఏమేం వాడుతున్నారు?"

"ఏ మందులూ లేవండీ," అంది వదిన. "మా మరదలికి ఏ జబ్బూ లేదు."

"మందులే కాదు. పొడులు, గుళికలు, టానిక్కులు, కొట్లో కొన్నవి, ఎవరో ఇచ్చినవి, అన్నీ చెప్పాలి. ప్రాణం మీదికొచ్చిన విషయం."

కంటికొలతమ్మ కళ్ళు మూసుకుంది. దవడ వణుకుతుంటే మాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "బీరువాలో... లైనింగు కింద... దిగులుకు మాత్రలు. ఏడాది నుంచి." ఆ తర్వాత, "వదిన ఇచ్చిన గుళికలు కూడా," అంది.

చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది అంటారు. ఆమె ఆ రెంటి మధ్య నలిగిపోవడం నేను కళ్ళారా చూశాను.

వదిన గోడకు ఆనుకుంది. "మనసుకు మాత్రలా? ఎప్పట్నించే అమ్మాయ్?" అంది. ఆ వెంటనే, ఈల లాంటి ఆ గొంతు పూర్తిగా పడిపోయి, "ఆ గుళికలు నేనే ఇచ్చానండీ," అంది డాక్టరమ్మతో.

రెండూ ఆపేశారు. సెలైను పెట్టారు, కండరాలు నెమ్మదించడానికి మందిచ్చారు, ఒళ్ళు చల్లబడేలా చూశారు. కాస్త తెరిపిన పడ్డాక డాక్టరమ్మ మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది.

"ఆ గుళికలోని అమైనో ఆమ్లంతో మెదడు సెరటోనిన్ అనే పదార్థం తయారుచేసుకుంటుంది. దిగులు మాత్ర ఆ పదార్థాన్ని త్వరగా ఖాళీ కానివ్వదు. తొట్టి అనుకోండి. మాత్ర కిందున్న తూము మూసింది. గుళిక పైనుంచి నీళ్ళు వదిలింది. దేనికదే అయితే ఇలా అయ్యేది కాదేమో. మోతాదు పెరిగేసరికి తొట్టి పొంగింది."

"పాలల్లో ఉండేదేగా అండీ?" అంది వదిన. వాదించడానికి కాదు, అర్థంకాక.

"పాలు తాగితే మిగతావాటితో కలిసి కొద్దికొద్దిగా అందుతుంది. గుళికలో అదొక్కటే, కుప్పగా వస్తుంది. మీకు పడిందంటే మీరు వేరే మందు వాడట్లేదు కాబట్టి. ఒకరికి పడింది ఇంకొకరికి పెట్టేముందు అడగాలమ్మా."

"అడిగినా తను చెప్పేది కాదు," అంది వదిన. మళ్ళీ తనే, "నేనూ అడగలేదు," అంది.

మూడో రోజుకు జ్వరం పోయింది, కాళ్ళు నెమ్మదించాయి. మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి కంటికొలతమ్మ చేతులు రెండూ దుప్పటిమీద పెట్టుకుని వాటినే చూస్తోంది. వేళ్ళు కదలకుండా ఉన్నాయి. "నాన్న జబ్బు కాదన్నారా?" అని నన్ను అడిగింది. డాక్టరమ్మను అప్పటికే రెండుసార్లు అడిగిందట. నరాల డాక్టరు కూడా చూసి కాదన్నారని చెప్పాను. ఆమె తల గోడవైపు తిప్పుకుంది.

వదిన మంచం పక్కన స్టూలు మీద కూర్చునుంది. కంటికొలతమ్మ ఆమెను అడిగింది: "వదినా, మీరు గుండ్రాయిలా ఉంటారు కదా. మీకు నిద్ర గుళికలెందుకు?"

వదిన ఒడిలో చేతులు నలుపుకుంది. "తమ్ముడు పోయినప్పట్నించీ వేసుకుంటున్నా," అంది. "వాడిని నేను ఎత్తుకుని పెంచాను. అమ్మకు ఒంట్లో బాగుండేది కాదు. నా చంకలోనే పెరిగాడు వాడు. నీ ముందు ఏడిస్తే నువ్వింకా కుంగిపోతావని డ్రిల్లు చేయించాను. నాకు తెలిసింది అదొక్కటే."

"నేనూ మీరు కుంగిపోతారనే..." అంది ఈమె. మాట పూర్తికాలేదు. అప్పుడు ఏడ్చింది. ఏడాదిన్నర తర్వాత, పైకి, చిన్నపిల్లలా ఏడ్చింది. వదిన లేచి ఆమె తల పొట్టకు ఆనించుకుని నిలబడింది. నేను నీళ్ళ సీసా నింపుకొస్తానని బయటికి వచ్చేశాను. సీసా నిండుగానే ఉంది.

కొన్ని వారాలయ్యాక మానసిక వైద్యుడే చూసుకుంటూ మాత్ర మళ్ళీ తక్కువ మోతాదులో మొదలుపెట్టాడు. ఈసారి వదిన కూడా వెంట వెళ్ళింది. నిద్ర ఒక్కసారిగా రాలేదు. కొన్నాళ్ళు వచ్చేది, కొన్నాళ్ళు పోయేది. అట్టను ఆమె బీరువాలోంచి తీసి దారపుకండెల పక్కన, అందరికీ కనబడేచోట పెట్టింది. అదేం మందో అడిగి తెలుసుకుని ఒకావిడ పిల్లల యూనిఫారం గుడ్డ వెనక్కి తీసుకుపోయింది. కంటికొలతమ్మే దాన్ని కాగితంలో చుట్టి ఇచ్చింది. ఆరోజు కొట్టు తొందరగా మూసేసింది. మర్నాడు మామూలుగానే వచ్చింది.

గుమాస్తాగారి కోటు తనే కత్తిరించింది. సుద్దగీత ఒక్క ఊపులో వచ్చింది. పెద్ద కత్తెర మాత్రం పూర్తిగా వెనక్కి తీసుకోలేదు. కోట్లు తను, యూనిఫారాలు నేను. నాకు కంటికొలత రాదు, టేపు పట్టుకునే కత్తిరిస్తాను.

వదినగారు ఇప్పుడు మధ్యాహ్నాలు కొట్టులోనే కూర్చుంటుంది. ఖాళీగా కూర్చోలేక గుండీలు వేస్తానంటుంది. వదులుగా వేస్తుంది. ఆమె ఇంటికి వెళ్ళాక నేను విప్పి మళ్ళీ వేస్తాను.