మందు చొక్కా

ఎలీషబా పాట ఎత్తుకుంటే మిరప చేలో కలుపు తీసే ఆడవాళ్ళంతా అందుకునేవాళ్ళు. యర్రగొండపాలెం దగ్గరి ఆ ఊళ్ళో చర్చి పాటకూ ఆమే ముందు. అలాంటి మనిషి ఈ మిరప కాలంలో నోరు మూసుకుంది. ఊరికే ఏడుస్తుంది. గుండె దడతో గోడకు ఆనుకుంటుంది. ఒళ్ళంతా చెమట, చేతుల్లో వణుకు. ఒక పొద్దు బావి గట్టున కాళ్ళు లోపలికి వేలాడేసి కూచుని ఉంటే భర్త ఏబేలు పట్టుకొచ్చాడు.

చేను గల నాగరత్నమ్మ, "పని ఎగ్గొట్టేదానికి ఎత్తులేమ్మా" అంది. ఆమె దాచిపెట్టిన పాపం ఫలితమని చర్చిలో ఎవరో అన్నారు. ఎదురింటి యల్లయ్య మాత్రం ఏబేలును ఆపి, "ప్రార్థన చేసుకో బావా, ఎవరొద్దన్నారు? మార్కాపురం ఆస్పత్రికి బస్సు గూడా ఎక్కు. దేవుడేం బస్సుకు అడ్డం పడడులే" అన్నాడు.

ఎక్కారు. డాక్టర్ సుచరిత రక్త పరీక్ష రాసింది. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ కాగితం చూసి, "ఈమె పురుగుమందు కొడుతుందా?" అని అడిగింది.

"ఆమెందుకు కొడతాది మేడమ్? పంపు మోసేది నేను. ఆమె కలుపుకు పోతాది, అంతే."

"మందు కొట్టేటప్పుడు ఏం వేసుకుంటావు?"

"పాత చొక్కా."

"రోజూ ఉతుకుతారా?"

ఏబేలు నవ్వాడు. "మాకు ట్యాంకరొస్తేనే నీళ్ళు మేడమ్. మళ్ళా కొట్టేది మందే గదా, అన్నిసార్లు ఎవరుతుకుతారు? కొట్టడం అయిపోయేదాకా కొయ్యకు తగిలించి పెడతాం."

"మరి ఎలీషబా పనికి ఏం వేసుకుని పోతుంది?"

"ఆ చొక్కానే..." అన్నాడు ఏబేలు.

ఎండకూ దుమ్ముకూ ఆ పక్క ఆడవాళ్ళు చీర మీద మగవాళ్ళ చొక్కా తొడుక్కుంటారు. మందు కొట్టని రోజుల్లో ఆ చొక్కా ఎలీషబాదే. పొద్దస్తమానం చెమటలో తడిసి ఒంటికి అంటుకునే ఉంటుంది.

"మెదడులో ఎసిటైల్‌కొలైన్ అని ఒక రసాయనం ఉంటుంది" అని డాక్టర్ నిదానంగా చెప్పింది. "ఒక నరం కబురు ఇంకో నరానికి మోస్తుంది. పని కాగానే దాన్ని తుడిచేసే ఎంజైము ఉంటుంది. మీరు కొట్టే మందు ఆ ఎంజైమును పనిచేయనీయదు. పురుగు చచ్చేది అందుకే. ఈమె రక్తంలో ఆ ఎంజైము బాగా తగ్గిపోయింది. ఇక కబురు ఆగదు. మనసు కుంగుతుంది. ఏ ఆపదా లేకున్నా మెదడు ఆపదనుకుని ఒంట్లోకి కార్టిసాల్ అనే హార్మోను వదిలిస్తుంది. దిగులుకు వేరే కారణాలూ ఉండొచ్చు. ముందు ఆ చొక్కా మానాలి. నీకూ పరీక్ష చేద్దాం."

మందు కొన్న దుకాణంలో ఏబేలుకు తువ్వాలు కానుకగా ఇచ్చారు, చేతి తొడుగులు ఇవ్వలేదు. డబ్బా మీద హెచ్చరిక చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. మనిషి నరాల్లోకి దిగే సరుకును అట్లా అమ్మినవాళ్ళను ఒక్కరూ అడగలేదు. పాపం మాత్రం ఎలీషబా నెత్తిన పెట్టారు.

అంతసేపూ నేల చూస్తున్న ఎలీషబా అప్పుడు తలెత్తింది. ఎన్నో రోజుల తర్వాత నోరు విప్పింది.

"ఆ చొక్కా ఇప్పుడు ప్రసన్న ఏసుకుని పోయినాది."

తల్లి మంచాన పడ్డాక కూతురే కూలికి పోతోంది.

బస్సు దిగి ఇద్దరూ నేరుగా చేనికి పోయారు. వణికే కాళ్ళతోనే ఎలీషబా ముందు నడిచింది. ప్రసన్న వరుస మధ్యలో వంగి ఉంది. వీపంతా చెమటకు చొక్కా అతుక్కుపోయి ఉంది.

"ఇప్పు."

"ఏందిమా, ఎండ సంపుతాంటే..."

"ఇప్పమంటాండా."

తల్లి గొంతు విని ప్రసన్న కొడవలి వదిలేసింది. చొక్కా విప్పి కింద పడేసింది. గట్టు మీద నుంచి నాగరత్నమ్మ, "నోరొచ్చిందే మహాతల్లికి" అంది.

ఎలీషబా అటు చూడలేదు. పక్క వరుసలో ఉన్న స్వర్ణలతను అడిగింది.

"పాపా, నీ ఒంటి మీది చొక్కా ఎవరిది? మందు కొట్టేదేనా?"

స్వర్ణలత కాలరు ముక్కు దగ్గరికి తెచ్చుకుంది. ఆమె వేళ్ళు గుండీల మీదికి పోయాయి. ఆ వెనక వరుసలోనూ ఒక్కొక్కరే కాలరు వాసన చూసుకుంటున్నారు.