పాట కింద పోయిన మాట

బోధన్ బస్టాండు దగ్గర పెళ్లి వీడియోలు తీసే స్టూడియో నడిపిన ఇన్నేళ్లలో నేను ఒక్క విషయానికే గర్వపడ్డాను. నా దగ్గర చెత్త ఉండదు. పక్క స్టూడియోల వాళ్లు మెమరీ కార్డు నిండిపోయి తలంబ్రాల వేళకు తలలు పట్టుకుంటుంటే, నా కార్డులు ఎప్పుడూ కడిగిన గిన్నెల్లా ఖాళీగా ఉండేవి. ముహూర్తాల రోజుల్లో ఒక్కపూట తీరిక దొరికేది కాదు. పొద్దున వర్నిలో తీసింది మధ్యాహ్నానికి కంప్యూటర్‌లోకి ఎక్కించి, కార్డు తుడిచేసి, సాయంత్రం ఇంకో ఊరికి పరుగు. ఆ కంప్యూటర్‌లో మాత్రం చోటు ఎంతని ఉంటుంది? అందుకే ఒక పద్ధతి పెట్టుకున్నాను. పెళ్లి సినిమా తయారుచేసి డీవీడీలు కొట్టి ఇచ్చేవాణ్ణి, ఒకటి నా దగ్గర ఉంచుకునేవాణ్ణి. ఇంటివాళ్లు చూసి బాగుందన్న మర్నాడే అసలు రికార్డింగు మొత్తం డిలీట్.

ఇంకో పద్ధతి ఉండేది. అది నా ఒక్కడిదే కాదు, ఈ చుట్టుపక్కల స్టూడియోల అందరిదీ. పెళ్లిలో రికార్డైన మాటలు ఎవరికీ అక్కర్లేదు. జనరేటర్ మోత, బ్యాండు, పిల్లల ఏడుపులు, వంటవాళ్ల మీద అరుపులు. ఆ గోల ఉంచితే ఇంటివాళ్లే కోప్పడేవారు. అందుకని మొదటి నుంచి చివరిదాకా ఆ శబ్దం తీసేసి సినిమా పాటలు పరిచేవాళ్లం. "పాటలు మంచిగ వెట్టిండు" అంటే మాకు అదే పెద్ద మెప్పు.

పోయిన ఎండాకాలం వర్ని వైపు నుంచి ఒకామె కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. పిల్ల నాలుగో తరగతో ఐదో తరగతో ఉంటుంది. ఆమె సంచిలోంచి ఒక డీవీడీ తీసి బల్ల మీద పెట్టింది. నడిమి రంధ్రానికి ఇంకా తాడు ముక్క వేలాడుతోంది. ఎండకు రంగు వెలిసి, పైపొర లేచిపోయింది. జొన్నచేనులో పిట్టలను బెదిరించడానికి కట్టారని చూడగానే తెలిసింది. అందులో వింతేమీ లేదు. డీవీడీ ప్లేయర్లు మూలపడ్డాక మా దగ్గర పెళ్లిళ్లన్నీ చేలకే చేరాయి.

"మా లగ్గం సీడీ అన్నా. మా మామ తెల్వక చేన్ల గట్టిండు. మీ తాన ఇంకోటి ఉంటదా?" అని అడిగింది.

"ఉండొచ్చు చెల్లె. పెన్‌డ్రైవ్‌ల ఎక్కియ్యాల్నా?"

"ఎక్కియ్యండి. ఈమె కడుపుల ఉండంగనే వాళ్ల బాపు పోయిండు. ట్రాక్టర్ బోల్తా వడ్డది. ఫోటోలున్నయి గని గొంతు యాడ లేదు. అప్పుడు ఆయనది బటన్ ఫోను. బాపు గొంతు ఎట్లుంటదని ఒక్కతీర్గ అడుగుతున్నది."

అందులో గొంతులు ఉండవని అప్పుడే చెప్పాల్సింది. చెప్పలేదు. ఎక్కడైనా ఒకచోట పాట పడకుండా మిగిలిపోయి ఉంటుందేమోనని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నిజానికి భయపడ్డాను, అంతే.

అటక మీది డబ్బాలన్నీ దింపి వెతికితే మా కాపీ దొరికింది. డిస్కులు ఆడే పాత కంప్యూటర్ ఒక్కటే మిగిలింది, దాంట్లో వేశాను. ఆమె తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో చోటు లేదు. దాని నిండా కార్టూన్లు, బతుకమ్మ పాటలు, బడిలో పిల్ల ఆడిన డ్యాన్సులు. ఏవి తీసేయాలని అడిగాను.

"అన్ని తీసెయ్యండి" అంది పిల్ల.

కాపీ అవుతుండగానే వీడియో మొదలుపెట్టాను. పాట వచ్చింది. దాని వెనకే ఇంకో పాట. ఆమె స్పీకరు దగ్గరికి జరిగి, "జర సౌండు తగ్గియ్యండన్నా, పాటెనక మాటలు ఇనవస్తయేమో" అంది. తగ్గించాను. పాట సన్నబడింది. దాని వెనక ఏమీ లేదు. ఇక దాచలేకపోయాను.

"మాటలు లేవు చెల్లె. అప్పుడు మేమే తీసేసినం."

"అసలుది ఉంటది గదా?"

"డిలీట్ జేసిన."

"ఎందుకన్నా?"

"జాగ లేక."

ఆమె తిట్టలేదు. తిడితే నాకు కొంత తేలికయ్యేది. నేను అన్నాళ్లు అంత పొదుపుగా కాపాడుకున్న ఖాళీలో ఆ తర్వాత నింపింది కూడా ఇలాంటి పాటలే. నా మీద నాకే అసహ్యం వేసింది.

పిల్ల మాత్రం తెర మీద నుంచి కన్ను తిప్పలేదు. కొత్త జంట అత్తగారింటి గడప దగ్గరికి వచ్చింది. ఆడబిడ్డలు అడ్డం నిలబడ్డారు. ఒకరి పేరు ఒకరు చెబితే గానీ లోపలికి రానివ్వరు. పెళ్లికొడుకు సిగ్గుపడి తల వంచుకుని, మళ్లీ ఎత్తి, పెదవులు కదిపాడు. చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వుతున్నారు. ఆ మాట ఎడిటింగులో నేను ఈ చెవులతోనే విని ఉంటాను. నవ్వుల గోల ఎక్కువైందని దాని మీద పాట పరిచి ఉంటాను.

"బాపు ఏమంటుండు?" అని అడిగింది పిల్ల.

"నా పేరు చెప్తుండు."

"ఎట్ల జెప్పిండు?"

ఆమె మెల్లగా తన పేరు తానే పలికింది. కాదన్నట్టు తల ఊపింది. గొంతు కాస్త బొంగురు చేసి మళ్లీ అనబోయి సగంలో ఆగిపోయింది. పిల్ల తల మీద చెయ్యి వేసింది.

"నాకు గూడ యాదికి వస్తలేదు బిడ్డా" అంది.