బాగానే ఉంది సార్

వీధిలో అందరికీ ఆయన మిలటరీ బాబాయ్. సైన్యంలో ఇరవై ఏళ్లు లారీ ఇంజన్లు విప్పి బిగించాడు. ఆ డీజిలూ గ్రీజూ ఆయన అరచేతులకు చర్మవ్యాధి అంటగట్టి ఇంటికి పంపాయి. ఇప్పుడు స్పానరు పట్టుకుంటే చాలు, చేతులు చిట్లి నెత్తురు వస్తుంది. ఏ షెడ్డువాడూ పనిలో పెట్టుకోడు.

ఇరవై శాతం వైకల్యం ఉందని డాక్టర్లు రాస్తేనే దానికి పింఛను. వాళ్లు పది రాసి చేతులు దులుపుకున్నారు. ఒళ్లు మండే సంగతే గాని, తప్పంతా వాళ్లదే అనలేం. పరీక్ష అంటే పరేడే అనుకునే మనిషి ఈయన. వారం ముందునుంచీ పూటపూటా మందు రాసుకుని, నున్నగా గడ్డం గీసుకుని, పెళ్లికొడుకులా వెళ్లి నిలబడ్డాడు.

అప్పీలు రాసింది పిన్ని. ఆఫీసు చుట్టూ కాళ్లరిగేలా తిరిగితే పద్నాలుగు నెలలకు పిలుపు వచ్చింది. ఇదే ఆఖరి అవకాశమని అందులో ఉంది. ఆ రోజే పిన్ని మందు గొట్టాన్ని కుట్టుమిషను సొరుగులో పెట్టి తాళం వేసింది.

"పది రోజులు ఓర్చుకోండి. ఉన్నది ఉన్నట్టు చూడనివ్వండి వాళ్లని."

ఓర్చుకున్నాడు పాపం. చెంచా కూడా పట్టలేకపోతే తనే తినిపించింది. ఆయన అవస్థ చూడలేక, చొక్కా ఇస్త్రీ విషయంలో మాత్రం ఆయన మాటే నెగ్గనిచ్చింది.

గదిలో ముగ్గురు డాక్టర్లు. మధ్యాయన భుజాల మీద నక్షత్రాలు కనబడగానే బాబాయ్ వెన్ను నిటారుగా లేచింది, పిడికిళ్లు బిగుసుకున్నాయి. చేతులు చాపమంటే చాపాడు.

"పగుళ్లున్నాయి. పని చేసుకోవడానికి ఇబ్బందా?"

"లేదు సార్. చేసుకోగలను సార్."

"మొత్తం మీద ఎలా ఉంది?"

"బాగానే ఉంది సార్."

తలుపు దగ్గర కూర్చున్న పిన్ని గబుక్కున లేచింది. "అబద్ధమండీ. అన్నం కూడా నేనే తినిపిస్తున్నాను."

"మిమ్మల్ని అడగలేదమ్మా," అన్నాడు మధ్యాయన, రాసుకుంటూనే.

బయట బెంచీ మీద బాబాయ్ తల వంచుకుని కూర్చున్నాడు. "ఆఫీసరు ఎదురుగా ఉంటే నోట్లోంచి వేరే మాట రాదే. ఏం చేయను?"

పిన్నికి కోపమూ ఏడుపూ కలిసి వచ్చాయి. సంచిలోంచి మందు తీసి ఆయన అరచేతికి మెల్లగా రాసింది.

"మంటగా ఉందా?"

"చాలా," అన్నాడు. "చాలా మంటగా ఉందే. తట్టుకోలేకపోతున్నాను."

ఆ మాట రాసుకోవలసినవాళ్లు అప్పటికే తరువాతి మనిషిని లోపలికి పిలిచారు.