అడగొద్దని నేనే అన్నాను

మందుల సాబ్ పోయారని పోయిన నెల మా స్టాఫ్ నర్సు ఫోన్ చేసి చెప్పింది. తెల్లవారి నమాజుకు లేచి, కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి నల్లా దగ్గరికి వెళ్లి అక్కడే కూలబడ్డారట. ఆసుపత్రికి తీసుకెళ్లేలోపే అయిపోయింది. ఆ ఫోన్ వచ్చేసరికి నేను ఓపీలో ఉన్నాను. ఎదురుగా ఒక పెద్దాయన చొక్కా గుండీలు విప్పుకొని కూర్చున్నాడు. ఫోన్ పక్కన పెట్టి ఆయన ఛాతీ మీద స్టెతస్కోపు ఆనించాను. కాసేపటివరకు ఏమి వింటున్నానో నాకే తెలియలేదు.

మొదట దుఃఖం కలిగిందని రాస్తే అబద్ధం అవుతుంది. ముందు వచ్చింది సిగ్గు. నాలుగేళ్లుగా ఆయనకొక మాట బాకీ పడి ఉన్నాను. రేపు చెప్పొచ్చు, మొన్న చెప్పాల్సింది అనుకుంటూ గడిపాను. ఇప్పుడు ఆయన గురించి రాద్దామని కూర్చుంటే నా గురించే ఎక్కువ రాయాల్సి వస్తోంది. చదివేవాళ్లు క్షమించాలి.

పటాన్‌చెరు కంపెనీల మధ్య ఉన్న ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో నేను డాక్టర్ని. ఆయన అక్కడ ఫార్మసిస్టు. ఆ మాట ఎవరికీ నోరు తిరగదు కాబట్టి ఊరందరికీ మందుల సాబ్. నేను ఉద్యోగంలో చేరేనాటికే ఆయనకు మందులిచ్చే కిటికీ వెనక ఇరవై ఏళ్ల పైన అనుభవం ఉంది. చీటీ చేతికి రాగానే చొక్కా అంచుతో కళ్లద్దాలు తుడుచుకునేవారు. రాత్రి వేసుకునే మాత్రల పట్టీకి ఒక మూల కత్తెరతో కొంచెం కోసి ఇచ్చేవారు. చూపు ఆనని ముసలివాళ్లు వేలితో తడిమితే తెలియాలని. ఈ పని చేయమని ఏ శిక్షణలోనూ ఎవరూ చెప్పరు.

ఆయన నాలుగు ప్రశ్నలు అడగనిదే మందు ఇచ్చేవారు కాదు. నీ పేరేంది? నాయన పేరో ఇంటాయన పేరో చెప్పు. ఏడ ఉంటవు? ఈ మందు దేనికి? బీహార్ నుంచి వచ్చిన కార్మికులనైతే ఇవే హిందీలో అడిగేవారు. చీటీ మీద పేరు రాసే ఉంటుంది కదా, మళ్లీ అడగడమెందుకని చేరిన కొత్తలో నేనొకసారి అడిగాను.

"పేరు వాళ్ల నోట్ల నుంచే రావాలె డాక్టరమ్మా," అన్నారు. "నువ్వు ఫలానా యాదమ్మవేనా అని నేనంటే ఔనంటది. తొందరల ఉంటరు, డ్యూటీకి పోవాలె. మనం ఏమడిగినా ఔననే అంటరు."

తర్వాత మాకు కంప్యూటర్ వచ్చింది. రోగి ఫోన్ నంబరు కొడితే పాత వివరాలన్నీ తెర మీద కనిపిస్తాయి. పాత మందులే మళ్లీ ఇవ్వాలంటే ఒక్క నొక్కుతో చీటీ అచ్చవుతుంది. నాకది వరంలా తోచింది. మందుల సాబ్ మాత్రం కొన్నాళ్లు తెరను అటూ ఇటూ తిప్పి చూసి ఒక సంగతి పట్టుకొచ్చారు. చిట్కుల్‌లో, ఇంద్రేశంలో కిరాయి గదుల్లో ఉండే కార్మికులు తరచూ సిమ్‌లు మారుస్తారు. నంబరు అడిగితే ఇంటి ఓనరుది చెప్తారు. అలా ఒక్క నంబరు కింద పది పన్నెండు పేర్లు చేరుతున్నాయి.

"ఫోన్ నంబర్ అంటే మనిషి కాదు కదా డాక్టరమ్మా. జెర దీని సంగతి పైన చెప్పండ్రి," అన్నారు. చెప్తానన్నాను. చెప్పలేదు.

ఆ నెల జిల్లా మీటింగులో, ఏ కేంద్రంలో రోగి ఎంతసేపు వేచి ఉంటున్నాడో గోడ మీద బొమ్మ వేసి చూపించారు. మా కేంద్రం అడుగున ఉంది. ఆలస్యమంతా మందుల కిటికీ దగ్గరే. అందరి ముందూ నన్ను నిలబెట్టి కారణం అడిగారు. ముఖం మాడ్చుకుని తిరిగొచ్చాను. వచ్చేసరికి కిటికీ ముందు వరస గేటు దాకా ఉంది. ఆయన ఒక ఒడిశా కుర్రాడితో తీరిగ్గా వాళ్ల నాన్న పేరు చెప్పిస్తున్నారు.

"మీరు మందులివ్వండి చాలు. ఇంటర్వ్యూలు చేయొద్దు," అన్నాను. గట్టిగానే అన్నాను. "కంప్యూటర్ అన్నీ చూసి ఇచ్చిన చీటీ అది. దానికంటే మీకు ఎక్కువ తెలుసా?"

వరసలో ఎవరో నవ్వారు. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "అచ్ఛా డాక్టరమ్మా," అన్నారు, అంతే.

ఆ తర్వాత నాలుగు రోజులు ఆయన ఏమీ అడగలేదు. వరస చకచకా కదిలింది. నేను సంతోషించాను కూడా.

నాలుగో రోజు శనివారం. చిట్కుల్ నుంచి యాదమ్మ వచ్చింది. గడ్డపోతారంలోని ఒక కంపెనీలో ప్యాకింగ్ పని చేస్తుంది, బీపీ మాత్రలకని నెలకోసారి వస్తుంది. నంబరు కొట్టాను. యాదమ్మ అన్న పేరు కనిపించింది. వయసు చూడలేదు, జబ్బు చూడలేదు. పాత మందులే ఇవ్వమని నొక్కాను. చీటీ అచ్చయింది. నేను తెరిచింది అదే ఓనరు గదుల్లో ఉండే ఇంకో యాదమ్మ రికార్డు. ఆమె షుగరు మనిషి.

మధ్యాహ్నం కాకముందే ఆ రెండో యాదమ్మ మాత్రల కోసం వచ్చింది. పొద్దుననే తీసుకుపోయినట్టు కంప్యూటర్ చూపించింది. మందుల సాబ్ ఎప్పుడూ అడగకుండా నా గదిలోకి వచ్చేవారు కాదు. ఆ రోజు తలుపు నెట్టుకుని వచ్చారు.

"డాక్టరమ్మా, ఈ యాదమ్మ పొద్దున రానే లేదంట. మరి ఈమె షుగర్ గోలీలు తీస్కపోయింది ఎవరు?"

పొద్దున వచ్చిన బీపీ యాదమ్మ గుర్తొచ్చింది. ఓనరుకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. రికార్డులో ఇంటి నంబరు లేదు, వాడ పేరు లేదు. ఓనరుకు చిట్కుల్ నిండా గదులే, వాటిలో మొదటి యాదమ్మది ఏదో ఈమెకూ తెలియదు. ఆయన అప్పటికే స్కూటర్ తాళం తీసుకుని బయటికి నడిచారు. చిట్కుల్‌లో గదుల వరసలన్నీ తిరుగుతూ, కనిపించినవాళ్లనల్లా అడుగుతూ వెళ్లారట. యాదమ్మ గడప మీద కూర్చుని చెమటతో తడిసిపోయి ఉంది. శనివారం ఒక్కపొద్దు కాబట్టి పొద్దుటి నుంచీ ఏమీ తినలేదు. పరగడుపున షుగరు మాత్ర వేసుకుంది. మాట ముద్దగా వస్తోంది. ఎండదెబ్బ అనుకుని పక్కింటామె తడిగుడ్డతో తుడుస్తోంది. ఇంకో గంటైతే కంపెనీ బస్సు ఎక్కేది. ఆయన చక్కెర నీళ్లు కలిపి చెంచాతో కొంచెం కొంచెం తాగించి, ఆటోలో మా దగ్గరికి తీసుకొచ్చారు. గ్లూకోజ్ ఎక్కించి, ఆ మాత్ర ప్రభావం పూర్తిగా తగ్గేదాకా కనిపెట్టి ఉండాలని సంగారెడ్డి పెద్దాసుపత్రికి పంపాం. బతికింది.

అక్కడికి పంపే ముందు తెలివి వచ్చి నన్ను అడిగింది. "నాకేమైంది డాక్టరమ్మా?"

"ఏమీ తినకుండా మందు వేసుకున్నావు కదా. అందుకే కళ్లు తిరిగాయి. ఇక ఉపవాసాలు చేయకు," అన్నాను.

మంచానికి అటువైపు మందుల సాబ్ నిలబడి ఉన్నారు. ఆ షుగరు మాత్రల పట్టీ ఆయన చేతిలోనే ఉంది. నా వైపు చూశారు. నేను గ్లూకోజ్ చుక్కలు లెక్కపెడుతున్నట్టు తల పైకెత్తాను.

పైవాళ్లు సంజాయిషీ అడిగారు. సాఫ్ట్‌వేర్ లోపమని రాశాను. ఆయన తనది తాను విడిగా రాశారు. రోగిని పేరు అడగకుండా మందులు ఇవ్వడం నా తప్పు అని ఒక్క వాక్యం. ఎందుకు అడగలేదో రాయలేదు. పదిహేను రోజులకు ఆయన పేరు మీద మెమో వచ్చింది. దానిలో నిర్లక్ష్యం అన్న మాట ఉంది. దాన్ని నా చేతులతోనే ఇచ్చాను. చదువుకుని, సంతకం పెట్టి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

"సాఫ్ట్‌వేర్ అని రాసిండ్రంట," అన్నారు మెల్లగా. "పాపం, దానికి నోరు లేకపాయె."

నేను తల దించుకున్నాను. ఆయనే మళ్లీ అన్నారు. "నా సంగతి ఇడిసిపెట్టండ్రి. ఆమెకైతే చెప్పండ్రి డాక్టరమ్మా. రేపు ఇంకో దవాఖానకు పోతది, అప్పుడేమైంది అంటే ఏం చెప్పాలె ఆమె?"

చెప్తానన్నాను. తర్వాత ఇంకో రెండుసార్లు అడిగారు. ఆ పైన అడగలేదు.

ఆయన మళ్లీ నాలుగు ప్రశ్నలూ మొదలుపెట్టారు. నేనేమీ అనలేదు. ఎంట్రీలు చేసే అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, ఒకే నంబరు కింద ఉన్న పేర్లన్నీ విడదీయించారు. ప్రతి పేరు పక్కన ఇంటివాళ్ల పేరు, గది, పడని మందు ఏదన్నా ఉంటే అది చేర్పించారు. వివరాలు దొరకనివాళ్ల కోసం ఆదివారాలు స్కూటరు మీద గదులకే వెళ్లేవారు. ఆ పని ఎలా చేశామో నేను జిల్లా మీటింగులో చెప్పాను. చప్పట్లు కొట్టారు. ప్రశంసాపత్రం ఇచ్చారు. నా పేరు మీద.

ఆయన రిటైరైన రోజు దండ వేసి క్రమశిక్షణ గురించి మాట్లాడాను. నేను మాట్లాడినంతసేపూ ఆయన దండలో చిక్కుకున్న దారం తీసుకుంటూ కూర్చున్నారు.

ఆయన పోయిన మూడో రోజు, దువా చదివే జియారత్‌కు వాళ్లింటికి వెళ్లాను. ఆడవాళ్ల గదిలో ఆయన భార్య పక్కన యాదమ్మ కూర్చుని ఉంది. రిటైరయ్యాక కూడా నెల నెలా ఆమె తన మందులు ఆయనకు చూపించుకుని వెళ్లేదట. నన్ను చూసి లేచి నిలబడింది.

"మీరు చెప్పినప్పటి సంది ఒక్కపొద్దు ఇడిసిపెట్టిన డాక్టరమ్మా," అంది. "నా తప్పుకు సాబ్‌కు మెమో వచ్చిందంట కదా. గప్పుడు జెర తిని గోలీ ఏస్కుంటె అయిపోతుండె. ఇన్నేండ్లు గదే రంది నాకు."

అన్నేళ్లుగా మోయలేక మోస్తున్నదేదో ఆ మాటతో నా చేతుల్లోంచి జారింది. ఆమెను వాకిట్లోకి తీసుకెళ్లి చెప్పాను. ఎవరి మందు ఎవరికి ఇచ్చానో, ఆయనను అడగొద్దన్నది ఎవరో, ఏమని రాశానో, అంతా. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని విన్నది.

"గోలీ రంగు వేరే ఉండె," అంది చివరికి. "మీరే మార్చిండ్రేమో అనుకున్న." తర్వాత, "సాబ్‌కు ఇదంత ఎరికేనా?"

"తెలుసు."

"గందుకేనా మరి. పోయినప్పుడల్లా డాక్టరమ్మ నీకేమన్నా చెప్పిందా అని అడుగుతుండె. మందుల ముచ్చటేమో అనుకున్న నేను."

ఈ ఇంటికి రావాల్సింది ఆయన ఉన్నప్పుడు కదా అనుకున్నాను. యాదమ్మ కళ్లు తుడుచుకుని ఒకే ఒక్కటి అడిగింది.

"అయితే ఇగ నేను ఒక్కపొద్దు ఉండొచ్చునా?"

"ఉండొచ్చు," అన్నాను.

మర్నాడు జిల్లా కార్యాలయానికి జరిగినదంతా రాసి పంపాను, ఆయన సర్వీసు పుస్తకంలోంచి ఆ మెమో తీసేయాలని, నా మీద ఏ చర్య తీసుకున్నా సరేనని. ఇంకా జవాబు రాలేదు.

ఆ జియారత్ రోజు యాదమ్మతో పాటు నేనూ రోడ్డు దాకా నడిచాను. షేర్ ఆటో ఆగింది. ముందంతా నిండిపోయి, వెనక్కి తిరిగి కూర్చునే సీటులో ఒక్కరికి చోటుంది. ఆమె ఎక్కి, కాళ్లు బయటికి వేలాడేసి, ఒక చేత్తో ఇనుప కడ్డీ పట్టుకుంది. ఆటో కదిలింది. ఆమె ముఖం నా వైపే ఉంది. కోపంగా లేదు, నన్ను క్షమించినట్టూ లేదు. దుమ్ములో, లారీల హారన్ల మధ్య, చిన్నదవుతూ చిన్నదవుతూ ఒక ట్యాంకర్ అడ్డం వచ్చేదాకా నన్నే చూస్తూ ఉంది.